కరెంటు పోయి వచ్చాక ప్యానెల్ మాయం, షాపు సిస్టం, అర్జెంటు

జిరాక్స్_నల్లగొండ · శనివారం రాత్రి 9:14

అందరికీ నమస్తే. నల్లగొండలో చిన్న జిరాక్స్, ఆన్‌లైన్ అప్లికేషన్ల షాపు నాది. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు అప్‌డేట్లు ఆగిపోయాయి కదా. నా డబ్బాలో టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ లేదు, అందుకే విండోస్ 11 ఎక్కలేదు. మా మేనల్లుడు విండోస్ బదులు లినక్స్ మింట్, దాని మీద ఎక్స్ఎఫ్‌సీఈ అనే డెస్క్‌టాప్ వేసిచ్చి హైదరాబాద్ వెళ్లిపోయాడు. ఇన్నాళ్లూ ఏ ఇబ్బందీ లేదు.

నిన్న సాయంత్రం కరెంటు మూడు సార్లు పోయి వచ్చింది. ఈరోజు పొద్దున సిస్టం ఆన్ చేస్తే స్క్రీన్ కింద ఉండే పట్టీ, అదే ప్యానెల్, మొత్తం లేదు. మెనూ లేదు, గడియారం లేదు, తెరిచిన విండోలు చూపే బటన్లు లేవు. ఐకాన్లు మాత్రం ఉన్నాయి. వాటితోనే బ్రౌజర్ తెరిచి ఎట్లనో దినం గడిపా. ఏదైనా విండో పొరపాటున కిందికి దించితే మాత్రం అంతే, చెరువులో రాయి వేసినట్టే. సోమవారం నుంచి స్కాలర్‌షిప్ ఫారాలకు కాలేజీ పిల్లలు వస్తారు. మేనల్లుడు ఫోన్ ఎత్తడం లేదు. టెన్షన్‌గా ఉంది, జర ఎవరన్నా చెప్పండి.

సూర్యాపేట_సిస్టమ్స్ · శనివారం రాత్రి 9:31

కరెంటు దెబ్బకు ఫైళ్లు కరప్ట్ అయి ఉంటాయి తమ్మీ. హోమ్ ఫోల్డర్‌లో చుక్క కాన్ఫిగ్ అని దాచిన ఫోల్డర్ ఒకటి ఉంటుంది, కంట్రోల్ హెచ్ కొడితే కనిపిస్తుంది. దాన్ని పీకేసి రీస్టార్ట్ చెయ్. అప్పటికీ రాకపోతే మళ్లీ ఇన్‌స్టాల్ చేసుకో, అరగంట పని. నా దగ్గరికి వచ్చే వాళ్లకు నేను అదే చేస్తా.

టీచరమ్మ_జడ్చర్ల · శనివారం రాత్రి 9:38

ఆగండి, ఆగండి! ఆ ఫోల్డర్ ముట్టకండి అన్నా. క్రోమ్, క్రోమియం లాంటి బ్రౌజర్లు తమ ప్రొఫైల్ మొత్తం, అంటే సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లు, బుక్‌మార్కులు అన్నీ అందులోనే పెట్టుకుంటాయి. షాపు నడిపే మనిషికి అవి పోతే ప్యానెల్ పోయిన దానికంటే పెద్ద నష్టం. ఎలుక దూరిందని ఇల్లు తగలబెట్టుకుంటామా?

ముందు రెండు సంగతులు. కిందికి దించిన విండో ఎటూ పోదు. ఆల్ట్ పట్టుకొని ట్యాబ్ కొడితే దొరుకుతుంది. డెస్క్‌టాప్ మీద ఖాళీ చోట మౌస్ చక్రాన్ని లోపలికి నొక్కినా తెరిచి ఉన్న విండోల జాబితా వస్తుంది. ఎక్స్ఎఫ్‌సీఈలో ఇది ముందు నుంచీ ఉన్నదే, చాలా మందికి తెలియదు. ఈ రెంటితో సోమవారం గండం గడుస్తుంది.

ఇక అసలు రోగం. కంట్రోల్, ఆల్ట్, టీ కలిపి నొక్కితే టెర్మినల్ వస్తుంది. అందులో ఎక్స్ఎఫ్‌సీఈ4-ప్యానెల్ అని కొట్టి ఎంటర్ చేయండి. ఇక్కడ కమాండ్లు తెలుగు అక్షరాల్లో రాస్తున్నా, మీరు కొట్టేటప్పుడు చిన్న ఇంగ్లీషు అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా కొట్టండి. ఏం జవాబు వచ్చిందో ఇక్కడ రాయండి.

వనపర్తి_ప్లాస్మా · శనివారం రాత్రి 9:45

అంకుల్, ఇదే కేడీఈ ప్లాస్మా అనే ఇంకో డెస్క్‌టాప్ అయితే డెస్క్‌టాప్ మీద రైట్ క్లిక్ చేసి ఎడిట్ మోడ్‌లోకి పోతే చాలు, అక్కడే కొత్త ప్యానెల్ పెట్టుకోవచ్చు.

జిరాక్స్_నల్లగొండ · శనివారం రాత్రి 9:52

అంకుల్ ఏంది తమ్మీ, నాకు 41.

అక్కా, ఇంకా షాపులోనే ఉన్నా. మీరు చెప్పినట్టు కొట్టా. ఇప్పటికే ఒకటి నడుస్తోంది అన్నట్టు ఇంగ్లీషులో ఒక లైను వచ్చింది. నడుస్తుంటే మరి నాకెందుకు కనబడదు?

టీచరమ్మ_జడ్చర్ల · శనివారం రాత్రి 10:03

ఆ ఒక్క లైనుతో సగం పని అయిపోయింది. ప్యానెల్ చావలేదు, కరప్ట్ కూడా కాలేదు. బతికే ఉంది, ఎక్కడో దాక్కుంది.

మామూలుగా ప్యానెల్ పోయింది అంటే నాలుగైదు కారణాలే ఉంటాయి. ప్రోగ్రామ్ ఆగిపోయి ఉండొచ్చు. ప్యానెల్ లేని సమయంలో లాగౌట్ అవుతూ 'సెషన్ సేవ్' టిక్కు వదిలేస్తే, మళ్లీ వచ్చినప్పుడు ఆ లేని స్థితినే గుర్తు పెట్టుకొని తెస్తుంది. ఎవరో ప్యానెల్‌నే తీసేసి ఉండొచ్చు. ఆటోమేటిక్‌గా దాక్కునే ఆప్షన్ పడి ఉండొచ్చు, అలాగైతే మౌస్ అంచుకు తీసుకుపోతే పైకి లేస్తుంది. లేదంటే ప్యానెల్ ఇంకో మానిటర్ మీద ఉంది.

మీ దగ్గర ఎన్ని మానిటర్లు ఉన్నాయి?

జిరాక్స్_నల్లగొండ · శనివారం రాత్రి 10:10

ఒకటే అక్కా.

అంటే ఈరోజు ఒకటే. నిన్నటిదాకా రెండు ఉండేవి. పెద్దది నా ముందు, పాత చిన్నది కస్టమర్ వైపు. అప్లికేషన్‌లో పేరు, తండ్రి పేరు స్పెల్లింగ్ వాళ్లే చూసి సరే అనడానికి పెట్టా. తర్వాత తప్పు పడిందని లొల్లి ఉండదు. నిన్న కరెంటు దెబ్బకు పెద్దదాని అడాప్టర్ కాలింది. కేబుల్ పీకి రిపేరుకు ఇచ్చా. చిన్నదాన్ని నా వైపు తిప్పుకున్నా.

టీచరమ్మ_జడ్చర్ల · శనివారం రాత్రి 10:14

😀 ఈ మాట మొదట్లోనే చెప్పి ఉంటే ఇద్దరం ఈపాటికి పడుకునే వాళ్లం.

మీ మేనల్లుడు ప్యానెల్ సెట్టింగ్స్‌లో 'అవుట్‌పుట్' దగ్గర ఆ పెద్ద మానిటర్ పేరే ఎంచి పెట్టాడు. కస్టమర్ వైపు ప్యానెల్ కనబడకూడదని మంచికే చేసి ఉంటాడు. ఎక్స్ఎఫ్‌సీఈ మాట మీద నిలబడే రకం. ఫలానా మానిటర్ మీదే ఉండు అన్నాక ఆ మానిటర్ లేకపోతే ఇంకో దాని మీదికి రాదు, దాక్కుంటుంది.

ఇప్పుడు ఇలా చేయండి. ఆల్ట్, ఎఫ్3 నొక్కితే అన్ని ప్రోగ్రాములూ వెతికే పెట్టె వస్తుంది. అందులో 'సెట్టింగ్స్ ఎడిటర్' తెరవండి. ఎడమ పక్క జాబితాలో ఎక్స్ఎఫ్‌సీఈ4-ప్యానెల్ నొక్కండి. కుడి పక్క 'ప్యానెల్స్', దాని కింద 'ప్యానెల్-1', దాని కింద 'అవుట్‌పుట్-నేమ్' అనే వరుస. దాని ఎదురుగా హెచ్‌డీఎంఐ అని ఏదో ఉంటుంది. ఆ వరుస మీద ఒకసారి నొక్కి, రీసెట్ బటన్ కొట్టండి. ఆ ఒక్క వరుసే, ఇంకేమీ ముట్టొద్దు.

జిరాక్స్_నల్లగొండ · శనివారం రాత్రి 10:21

వచ్చింది!!! రీస్టార్ట్ కూడా అక్కర్లేదు, బటన్ నొక్కీ నొక్కగానే కింద పట్టీ లేచింది. అన్నీ ఎక్కడివి అక్కడే ఉన్నాయి. మీకు పుణ్యం ఉంటుంది అక్కా. షట్టర్ వేస్తున్నా.

సూర్యాపేట_సిస్టమ్స్ · శనివారం రాత్రి 10:40

ఒప్పుకుంటా. రీఇన్‌స్టాల్ చేసినా వచ్చేదే, కానీ అవసరం లేకుండా చేసినట్టు అయ్యేది. దుకాణంలో నాలుగు డబ్బాలు వరుసలో ఉంటే కారణం వెతికే ఓపిక ఉండదు, నిజం చెప్పాలంటే.

మిర్యాలగూడ_రైస్ · ఆదివారం ఉదయం 7:05

పొద్దున్నే చదివా. మింట్‌లోనే సినమన్ అనే ఇంకో డెస్క్‌టాప్ వాడే వాళ్ల కోసం ఒక ముక్క. మాకూ ఇదే జరిగింది, మిల్లు ఆఫీసులో ప్రొజెక్టర్ తీసేసిన రోజు. సినమన్‌లో ప్రతి ప్యానెల్‌కూ ఏ మానిటరో ఒక అంకె రాసి ఉంటుంది. లోపలి సెట్టింగ్స్ చూపే డీకాన్ఫ్ ఎడిటర్‌లో సినమన్ కింద 'ప్యానెల్స్-ఎనేబుల్డ్' చూస్తే '1:0:బాటమ్' లాంటిది కనిపిస్తుంది. మొదటి అంకె ప్యానెల్ నంబర్, మధ్యది మానిటర్ నంబర్, చివరిది ఏ అంచున ఉందో. లెక్క సున్నాతో మొదలు. ఒకటే మానిటర్ ఉండి మధ్యలో 1 ఉంటే, ఆ ప్యానెల్ లేని మానిటర్ కోసం ఎదురు చూస్తున్నట్టు.

ప్యానెల్ ఉండి స్తంభించిపోతే కంట్రోల్, ఆల్ట్, ఎస్కేప్ కలిపి నొక్కండి. సినమన్ ఒక్కటే మళ్లీ మొదలవుతుంది, తెరిచిన ఫైళ్లు పోవు.

గద్వాల_గ్నోమ్ · ఆదివారం ఉదయం 8:20

రైస్ అన్నా, పేరు చూసి డెస్క్‌టాప్ రైసింగ్ చేసే మనిషి అనుకున్నా.

మిర్యాలగూడ_రైస్ · ఆదివారం ఉదయం 8:26

డెస్క్‌టాప్‌ను ముస్తాబు చేయడాన్ని లినక్స్ వాళ్లు రైసింగ్ అంటారని నాకు మొన్నమొన్నటి దాకా తెలియదు. మిర్యాలగూడలో రైస్ అంటే బియ్యమే తమ్మీ. మిల్లు లెక్కలు రాస్తా.

జిరాక్స్_నల్లగొండ · ఆదివారం ఉదయం 11:02

ఈరోజు షాపు బంద్, తీరిగ్గా రాస్తున్నా. అక్కా, పెద్ద మానిటర్ తిరిగి వస్తే మళ్లీ ఇదే గొడవ కాకుండా ఏం చేయాలి? ఇంకో ఆశ కూడా ఉంది. గోడ మీద క్యాలెండర్ ఉన్నా ప్రతి కస్టమరూ 'ఈరోజు తారీఖు ఎంత అన్నా, వారం ఏంది' అని అడుగుతాడు. చిన్న మానిటర్ మీద తెలుగులో వారం, తారీఖు పెద్దగా కనబడేట్టు పెట్టొచ్చా? మేనల్లుడు కాంకీ అని, డెస్క్‌టాప్ మీద తారీఖు లాంటివి చూపే ప్రోగ్రాము ఒకటి పెట్టాడు. ఇంగ్లీషులో బాగుంది కానీ తెలుగుకు మారిస్తే అక్షరాలు విరిగిపోతున్నాయి. 'శుక్రవారం' అని రావాల్సింది 'శుక్‌రవారం' అని వస్తోంది. వేరే ఫాంటు వేశా, అయినా అంతే. ఒక పెద్దాయన చూసి 'ఇదేం తెలుగు నాయనా' అని నవ్వాడు.

టీచరమ్మ_జడ్చర్ల · ఆదివారం మధ్యాహ్నం 12:15

మొదటిది సులువు. ప్యానెల్ మీద ఖాళీ చోట రైట్ క్లిక్, 'ప్యానెల్', 'ప్యానెల్ ప్రిఫరెన్సెస్'. అవుట్‌పుట్ దగ్గర మానిటర్ పేరు ఎంచకుండా 'ప్రైమరీ' ఎంచండి. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో పెద్ద మానిటర్‌ను ప్రైమరీ చేయండి. ఆ తర్వాత ఏది ప్రైమరీగా ఉంటే ప్యానెల్ దాని వెంటే పోతుంది.

తెలుగు విరగడం మీద నేనూ రెండు రాత్రులు తల బద్దలు కొట్టుకున్నా, అందుకే కాస్త ఎక్కువ రాస్తున్నా. తప్పు ఫాంటుది కాదు. కంప్యూటర్ దృష్టిలో 'క్ర' ఒక అక్షరం కాదు. క, పొల్లు, ర అని మూడు ముక్కలు వరుసగా దాచుకుంటుంది. ఆ మూడూ కలిసినప్పుడు క కింద రావత్తు పెట్టాలని ఎవరో ఒకరు చెప్పాలి. ఆ పనికి వేరే ఇంజిన్ ఉంటుంది. ఎక్స్ఎఫ్‌సీఈ ప్యానెల్, మెనూలు, ఫైల్ మేనేజర్ ఇవన్నీ జీటీకే అనే పనిముట్ల పెట్టె మీద కట్టినవి. జీటీకేలో పాంగో అనే ఇంజిన్ ఆ పని చూసుకుంటుంది. కాంకీ మాత్రం అలాంటి ఇంజిన్ లేకుండా, ఎక్స్‌ఎఫ్‌టీ అనే పాత పద్ధతితో స్క్రీన్ మీద నేరుగా అక్షరాలు పరుస్తుంది. ఏ ముక్క వస్తే ఆ ముక్క పక్కపక్కన పెట్టుకుంటూ పోతుంది. ఇంగ్లీషుకు అది సరిపోతుంది. మన ఒత్తులకు సరిపోదు. సోమవారం, ఆదివారం అన్న రోజుల్లో పెద్దగా తేడా కనబడకపోవడం వల్లనే మీకు శుక్రవారం దాకా తెలియలేదు.

కాబట్టి తెలుగు రాయాల్సిన చోట కాంకీని వదిలేయండి. 'జెనరిక్ మానిటర్' అని ఒక ప్యానెల్ ప్లగిన్ ఉంది, అందరూ జెన్‌మాన్ అంటారు. సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో దొరుకుతుంది. అది చేసే పని ఒక్కటే: మీరిచ్చిన కమాండును ఇన్ని సెకన్లకోసారి నడిపి, వచ్చిన జవాబును ప్యానెల్ మీద చూపిస్తుంది. చూపించేది పాంగోతో, అంటే ఒత్తులు ఒత్తుల్లాగే వస్తాయి.

చిన్న మానిటర్ కోసం రెండో ప్యానెల్ తయారు చేయండి. ప్రిఫరెన్సెస్‌లో పైన కూడిక గుర్తు నొక్కితే కొత్త ప్యానెల్ వస్తుంది. దీనికి మాత్రం అవుట్‌పుట్ చిన్న మానిటర్ పేరే పెట్టండి, అది లేని రోజు దాక్కున్నా నష్టం లేదు. ఎత్తు 60 పిక్సెల్స్ పెట్టండి, అక్షరం పెద్దగా పడుతుంది. 'ఐటమ్స్' ట్యాబ్‌లో మళ్లీ కూడిక నొక్కి జెనరిక్ మానిటర్ ఎంచండి.

ఇక తారీఖు. ముందు లాంగ్వేజెస్ సెట్టింగ్‌లో తెలుగు, ఇండియా చేర్చాలి. డెస్క్‌టాప్ మొత్తం తెలుగులోకి మార్చాల్సిన పని లేదు, చేర్చి ఊరుకుంటే చాలు. తర్వాత టెక్స్ట్ ఎడిటర్‌లో ఒక చిన్న ఫైలు రాయాలి. అందులో ఒకటే లైను: డేట్ కమాండు, దాని ముందు తారీఖు ఏ భాషలో రావాలో చెప్పే ఎల్‌సీ_టైమ్ విలువ తెలుగు లొకేల్ (భాష, దేశం సెట్టింగ్), దాని వెనక వారం, తారీఖు, నెల కావాలని చెప్పే గుర్తులు. నా స్కూల్ ల్యాబ్‌లో వాడే ఫైలు మీకు మెసేజ్‌లో పంపుతున్నా, అక్షరం మార్చకుండా పెట్టుకోండి.

వనపర్తి_ప్లాస్మా · ఆదివారం మధ్యాహ్నం 12:40

అక్కా, మీరు చెప్పింది కరెక్టే కానీ ఇంత తతంగం ఎందుకు? ప్లాస్మాలో డిజిటల్ క్లాక్ విడ్జెట్‌ను, అంటే గడియారం చూపే చిన్న ప్రోగ్రామును, నేరుగా డెస్క్‌టాప్ మీదికే లాగి పడేయొచ్చు. ప్లాస్మాకు జీటీకే బదులు ఉండే క్యూట్ కూడా తెలుగు ఒత్తులు సరిగ్గా పెడుతుంది. విడ్జెట్ మీద కాసేపు నొక్కి పట్టుకుంటే చుట్టూ పట్టీ వస్తుంది, సైజు పెంచుకోవచ్చు, తిప్పుకోవచ్చు కూడా. ప్లాస్మా 6.1 నుంచి ఎడిట్ మోడ్‌లోకి పోతే డెస్క్‌టాప్ కొంచెం చిన్నదై వెనక్కి పోతుంది, ఏది ఎక్కడుందో బాగా తెలుస్తుంది. అన్నకు జరిగినట్టు ప్యానెల్ తప్పిపోయినా భయం లేదు. 2023లో వచ్చిన 5.27 నుంచి డెస్క్‌టాప్‌లు, ప్యానెళ్లు చూసుకునే విండో ఒకటి ఇచ్చారు. లేని మానిటర్‌కు కట్టిన ప్యానెల్ కూడా అందులో దొరుకుతుంది. అక్కడి నుంచి లాక్కొచ్చుకోవచ్చు.

టీచరమ్మ_జడ్చర్ల · ఆదివారం మధ్యాహ్నం 12:52

విడ్జెట్ల విషయంలో ప్లాస్మాను మించింది లేదు, ఆ మాట నిజం. ఎక్స్ఎఫ్‌సీఈలో డెస్క్‌టాప్ మీద పెట్టే విడ్జెట్లు అనే మాటే లేదు, అన్నీ ప్యానెల్ మీదే. కానీ అన్నది నడిచే షాపు. సోమవారం పిల్లలు లైను కడతారు. అలవాటైన డెస్క్‌టాప్ మార్చే రోజు ఇది కాదు తమ్ముడూ.

గద్వాల_గ్నోమ్ · ఆదివారం మధ్యాహ్నం 1:30

గ్నోమ్ అనే ఇంకో డెస్క్‌టాప్ గురించి ఎవరూ అడగలేదు కానీ చెప్తా 😀. 2011లో గ్నోమ్ 3 వచ్చినప్పుడే పాత ప్యానెల్, యాప్లెట్ల పద్ధతి పోయింది. ఇప్పుడు ఏం కావాలన్నా ఎక్స్‌టెన్షన్లే, అంటే విడిగా తగిలించుకునే ముక్కలే. కింద పట్టీ కావాలంటే 'డ్యాష్ టు ప్యానెల్' బాగుంటుంది. చిక్కల్లా ఏంటంటే ఒక్కో కొత్త వెర్షన్‌కు ఎక్స్‌టెన్షన్లు ఆగిపోతాయి. 2023లో గ్నోమ్ 45 వచ్చినప్పుడైతే ఎక్స్‌టెన్షన్లు రాసే పద్ధతే మారింది, అన్నీ సవరించుకోవాల్సి వచ్చింది. మా కాలేజీలో ఉబుంటు అప్‌గ్రేడ్ చేసిన రోజు నాకు సగం మిగిలాయి. షాపుకు మాత్రం నేను కూడా వద్దనే అంటా.

మిర్యాలగూడ_రైస్ · ఆదివారం మధ్యాహ్నం 2:10

సినమన్‌లో ప్యానెల్ మీదివి యాప్లెట్లు, డెస్క్‌టాప్ మీదివి డెస్క్‌లెట్లు. రెండూ సిస్టం సెట్టింగ్స్ నుంచే దిగుతాయి. నా మాట ఒకటే, బయటి నుంచి ఏది దించుకున్నా కొంచెం చూసి దించుకోండి. 2024 మార్చిలో కేడీఈ స్టోర్ నుంచి డెస్క్‌టాప్ రూపం మొత్తం మార్చే ఒక గ్లోబల్ థీమ్ వేసుకున్న మనిషి ఫైళ్లన్నీ చెరిగిపోయాయి. దొంగతనం ఏమీ కాదు, ఆ థీమ్‌లో ఉన్న ఒక స్క్రిప్టు తప్పుగా నడిచింది. చూడ్డానికి రంగులే, లోపల నడిచేది ప్రోగ్రామే.

వనపర్తి_ప్లాస్మా · ఆదివారం మధ్యాహ్నం 2:18

అది నిజమే. అందుకే నేను సిస్టంతో వచ్చిన విడ్జెట్లే ఎక్కువ వాడతా. పైగా ప్లాస్మా 5 కోసం రాసినవి 2024 ఫిబ్రవరిలో వచ్చిన ప్లాస్మా 6లో అట్లనే నడవవు, రాసిన వాళ్లు మార్చి ఇవ్వాలి. నేను పెట్టుకున్న ఒక మ్యూజిక్ విడ్జెట్ ఇప్పటికీ రాలేదు.

జిరాక్స్_నల్లగొండ · ఆదివారం సాయంత్రం 5:47

అక్కా, ఊరుకోలేక షాపుకు వచ్చి కూర్చున్నా. మీ ఫైలు పెట్టా. ప్యానెల్ మీద తారీఖు రాలేదు. బ్రాకెట్లో జెన్‌మాన్ అని, దాని పక్కన మూడు ఎక్స్‌లు వచ్చాయి. ఏదో బూతు బొమ్మ పెట్టినట్టు ఉంది. కస్టమర్ వైపు మానిటర్ మీద ఇది చూస్తే నా పరువు పోతుంది.

టీచరమ్మ_జడ్చర్ల · ఆదివారం సాయంత్రం 5:55

నవ్వు ఆగడం లేదు అన్నా. కమాండు నడవకపోతే అది పెట్టే గుర్తు అంతే.

రెండు చూడండి. ఫైలు మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, పర్మిషన్స్, అక్కడ 'ప్రోగ్రామ్‌గా నడవనివ్వు' అనే దానికి టిక్కు పెట్టండి. జెన్‌మాన్‌లో కమాండు దగ్గర ఫైలు దారి మొత్తం రాయాలి, హోమ్ నుంచి మొదలుపెట్టి మీ యూజర్ పేరుతో సహా. ఉత్త ఫైలు పేరు రాస్తే దానికి దొరకదు. బ్రాకెట్ పేరు పోవాలంటే 'లేబుల్' టిక్కు తీసేయండి.

జిరాక్స్_నల్లగొండ · ఆదివారం సాయంత్రం 6:08

టిక్కే మర్చిపోయా. వచ్చింది. ఆదివారం అని పెద్దగా, ముత్యాల్లా. రేపెట్లుంటుందో ఇప్పుడే చూద్దామని తారీఖు ముందుకు జరిపి శుక్రవారం పెట్టి చూశా. రావత్తు క కిందే కూర్చుంది.

టీచరమ్మ_జడ్చర్ల · ఆదివారం సాయంత్రం 6:12

తారీఖు మళ్లీ వెనక్కి పెట్టారా? తప్పు తారీఖుతో ఉంటే రేపు వెబ్‌సైట్లు సర్టిఫికెట్ సరిగా లేదని తెరుచుకోకపోవచ్చు.

జిరాక్స్_నల్లగొండ · ఆదివారం సాయంత్రం 6:13

ఇప్పుడు పెట్టా 🙏

సూర్యాపేట_సిస్టమ్స్ · ఆదివారం రాత్రి 8:30

జెన్‌మాన్ అంటే నాకూ ఇప్పుడే తెలిసింది. జిరాక్స్ తమ్మీ, నీ షాపుకు దీనితో ఇంకో పని ఉంది. ప్రింటర్ వరుసలో ఎన్ని ఉన్నాయో చూపించొచ్చు. ఎల్‌పీస్టాట్ -ఓ అని కొడితే ఇంకా అవ్వని ప్రింట్లు ఒక్కో లైనుగా వస్తాయి. దాన్ని నిలువు గీతతో డబ్ల్యూసీ -ఎల్‌కు ఇస్తే లైన్లు లెక్కపెట్టి అంకె ఇస్తుంది. టీచరమ్మ పంపిన ఫైలు లాంటిదే ఇంకోటి చేసి అందులో ఈ లైను పెట్టు. 'నాది ఎప్పుడవుద్ది' అని అడిగేవాడికి చూపించొచ్చు.

జిరాక్స్_నల్లగొండ · సోమవారం రాత్రి 9:50

అన్నా, పొద్దున షాపు తెరవంగానే పెట్టా. లైను పెద్దది, అందరూ ఆ అంకెనే చూస్తూ నిలబడ్డారు. కానీ తిరకాసు ఒకటి. పనేమీ లేకున్నా 'ప్రింట్లు: 3' అని చూపిస్తోంది. సున్నాకు ఎప్పుడూ రాదు. ఇంకోటి, ఫ్యాన్ గీ పెడుతోంది.

సూర్యాపేట_సిస్టమ్స్ · సోమవారం రాత్రి 10:05

అది అబద్ధం చెప్పదు. ఎల్‌పీస్టాట్ -ఓ ఒక్కటే కొట్టి చూడు, ఆ మూడు ఏ ప్రింటర్‌వో, ఏ తారీఖువో ఉంటాయి.

టీచరమ్మ_జడ్చర్ల · సోమవారం రాత్రి 10:09

ఫ్యాన్ సంగతి: ఎన్ని సెకన్లకోసారి నడవమన్నారు?

జిరాక్స్_నల్లగొండ · సోమవారం రాత్రి 10:20

ఆ మూడూ పాత ప్రింటర్‌వి అన్నా! అది పోయి ఐదు నెలలైంది, డబ్బా అటక మీద ఉంది. దానికి పంపిన మూడు కాగితాలు ఇంకా వరుసలో నిలబడే ఉన్నాయి. ప్రింటర్స్ సెట్టింగ్‌లోకి పోయి ఆ మూడూ రద్దు చేసి, పాత ప్రింటర్ పేరు కూడా తీసేశా. ఇప్పుడు సున్నా.

అక్కా, 0.25 పెట్టా. ఎంత తొందరగా చూపిస్తే అంత మంచిదని.

టీచరమ్మ_జడ్చర్ల · సోమవారం రాత్రి 10:24

అంటే సెకనుకు నాలుగు సార్లు ప్రింటర్‌ను 'అయ్యిందా, అయ్యిందా' అని అడుగుతున్నారు. పాత ప్రాసెసర్ పాపం. ప్రింట్లకు 10 సెకన్లు చాలు. తారీఖుకు 60 సెకన్లకోసారి నడిచినా ఎక్కువే. ప్యానెల్ మీద ఎన్ని పెట్టారన్నది పెద్ద విషయం కాదు, ఏది ఎన్ని సార్లు నడుస్తుందన్నదే బరువు. కాంకీ ఇంకా నడుస్తుంటే దాన్ని కూడా స్టార్టప్ నుంచి తీసేయండి.

ఇంకో పని ఈ రాత్రే చేయండి, రేపు అనొద్దు. 'ప్యానెల్ ప్రొఫైల్స్' అని ఒక ప్రోగ్రాము ఉంది. లేకపోతే సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో దొరుకుతుంది. ఇప్పుడున్న అమరికను పేరు పెట్టి సేవ్ చేసి, ఎక్స్‌పోర్ట్ కొట్టి పెన్‌డ్రైవ్‌లో వేసుకోండి. ఇన్ని తిప్పలు పడి పెట్టినవి ఎవరి చెయ్యో తగిలి పోతే ఒక్క క్లిక్‌తో తిరిగి వస్తాయి. మీ రెండు స్క్రిప్టు ఫైళ్లూ అదే పెన్‌డ్రైవ్‌లో వేయండి. ప్రొఫైల్‌లో ప్యానెల్ సెట్టింగ్సే ఉంటాయి, మీరు రాసుకున్న ఫైళ్లు ఉండవు.

వనపర్తి_ప్లాస్మా · సోమవారం రాత్రి 10:31

ప్లాస్మా వాళ్లు కూడా. చుక్క కాన్ఫిగ్ ఫోల్డర్‌లో పేరు చివర 'యాప్లెట్స్‌ఆర్‌సీ' అని ఉండే పొడుగు పేరు ఫైలు ఒకటి ఉంటుంది. ప్యానెళ్లు, విడ్జెట్లు అన్నీ అందులోనే. ఒక కాపీ పెట్టుకోండి.

మిర్యాలగూడ_రైస్ · సోమవారం రాత్రి 10:45

ప్యానెల్‌కు తాళం వేసే దారి లేదా? మా ఆఫీసులో గుమాస్తాలు లాగి లాగి పీకేస్తారు.

టీచరమ్మ_జడ్చర్ల · సోమవారం రాత్రి 10:58

ఎక్స్ఎఫ్‌సీఈలో 'లాక్ ప్యానెల్' అని ఉంటుంది కానీ అది ప్యానెల్‌ను చోటు కదలనివ్వదు, అంతవరకే. మీద ఉన్న వస్తువులను రైట్ క్లిక్‌తో తీసేయొచ్చు. గట్టి తాళం కావాలంటే రూట్ (అడ్మిన్) హక్కులతో సిస్టం ఫోల్డర్‌లో ప్యానెల్ ఎక్స్ఎంఎల్ ఫైలు పెట్టి, 'లాక్డ్' అని రాయాలి. ల్యాబ్‌లో నేను అదే చేశా, ఏడో తరగతి పిల్లల ముందు ఇంకేదీ ఆగలేదు. ఆఫీసుకైతే ఒక్కొక్కరికి ఒక్కో యూజర్ అకౌంట్ ఇవ్వడం మేలు. ఎవరి ప్యానెల్ వాళ్లు పీక్కుంటారు.

జిరాక్స్_నల్లగొండ · తర్వాతి శుక్రవారం రాత్రి 10:02

పెద్ద మానిటర్ బాగై వచ్చింది. ప్యానెల్ దానంతట అదే దాని మీదికి పోయింది. మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చింది, ఏమీ కాలేదు. ఆ నవ్విన పెద్దాయన మళ్లీ వచ్చాడు. శుక్రవారం చదివి ఏమీ అనలేదు, పెన్షన్ కాగితం తీసుకొని పోయాడు.

నా ప్యానెల్ మీద ఇంకో గడియారం పెట్టా, టైమ్‌జోన్ దగ్గర ఆసియా/దుబాయ్ అని రాసి. తమ్ముడు అక్కడ పనిచేస్తాడు. ఇన్నేళ్లూ గంటన్నర తీసేయాలా కలపాలా అని ప్రతిసారీ వేళ్ల మీద లెక్క. ఇప్పుడు చూస్తే అక్కడ ఎనిమిదిన్నర. డ్యూటీ దిగి ఉంటాడు, ఫోన్ చేయాలి.

ఒక్క డౌటు మిగిలింది. ప్రింటర్ ట్రేలో ఎన్ని కాగితాలు మిగిలాయో చూపించే విడ్జెట్ ఏమన్నా ఉందా?

సూర్యాపేట_సిస్టమ్స్ · శుక్రవారం రాత్రి 10:06

ట్రే బయటికి లాగి చూడు తమ్మీ.